పేరెంట్స్ మీటింగ్‌కు ఆరుగురే వచ్చారు, తప్పెక్కడ జరిగింది?

విభాగం: బడి ముచ్చట్లు (ఉమ్మడి పాలమూరు, నల్లగొండ)

నల్లమల టీచరమ్మ | 16 ఫిబ్రవరి 2025, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను 2024 డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచర్‌గా) సెలెక్టయ్యాను. అక్టోబర్‌లో అచ్చంపేట వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో చేరాను. ఒకటి నుంచి ఐదు దాకా 34 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. పిల్లల్లో సగానికి పైగా రెండు తండాల నుంచి వస్తారు, మిగతావాళ్లు ఊళ్లోవాళ్లే.

నిన్న మూడో శనివారం కదా, పేరెంట్స్ మీటింగ్ పెట్టాం. డైరీల్లో రాయించాను, వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. బెంచీలు తుడిపించి, ప్రోగ్రెస్ కార్డులు వరసగా పేర్చి, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు కూడా తెచ్చి పెట్టుకున్నాను. పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూర్చుంటే వచ్చింది ఆరుగురు. అందులో నలుగురు నానమ్మలు. ఒక నానమ్మ అయితే కొత్త రేషన్ కార్డుల మీటింగ్ అనుకుని ఆధార్ జిరాక్సులు పట్టుకుని వచ్చింది. తండాల నుంచి ఒక్కరు కూడా లేరు.

"వీళ్లకు పిల్లల మీద సోయి లేదమ్మా, నువ్వు టెన్షన్ పడకు" అన్నారు మా సీనియర్ సార్. నాకు మనసొప్పడం లేదు. మూడో తరగతిలో ఒక బాబు ఉన్నాడు, వారానికి రెండు మూడు రోజులే వస్తాడు. వాళ్ల నాన్నకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఇప్పుడు నా నంబర్ కనబడితే ఎత్తడమే లేదు.

మిగిలిన బిస్కెట్లు పిల్లలకే పంచాను. వాళ్ల లెక్కలో మాత్రం మీటింగ్ బ్రహ్మాండంగా జరిగింది. అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి, ఏం చేస్తే వస్తారు?

గుట్టకింది తండా | 16 ఫిబ్రవరి, రాత్రి 9:41

మేడం, నిన్న ఏ రోజో మీకెవరూ చెప్పలేదా? ఫిబ్రవరి 15. మా లంబాడోళ్ల గురువు సేవాలాల్ మహరాజ్ జయంతి. పొద్దున తండాలో భోగ్ పూజ, తర్వాత మండలంలో ఊరేగింపు. ఆ రోజు లంబాడోళ్లను బడికి రమ్మంటే వస్తారా? మీరు దీపావళి రోజు మీటింగ్‌కు పోతారా?

కోపంతో అనడం లేదు. మీరు కొత్త. కానీ మీ సీనియర్ సార్ కొత్త కాదు కదా. సోయి లేనిది ఎవరికో ఆయన్నే అడగండి.

నల్లమల టీచరమ్మ | 16 ఫిబ్రవరి, రాత్రి 9:50

అయ్యో. నిజంగా తెలియదన్నా. శుక్రవారం పిల్లలు "రేపు మేం రాం మేడం" అంటుంటే బడి ఎగ్గొట్టడానికి అనుకుని కసురుకున్నాను కూడా. రేపు వాళ్లకు సారీ చెప్పాలి.

ఐదు తరగతుల సార్ | 16 ఫిబ్రవరి, రాత్రి 10:15

జయంతి సంగతి సరే, మామూలు శనివారం పెట్టినా పదిమంది దాటరు. నాది నాగర్‌కర్నూల్ జిల్లానే, 16 ఏళ్ల సర్వీసు. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఒకరు కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) మీటింగ్‌కు పోతే ఇంకొకరు ఒక్క గదిలో ఐదు తరగతులు ఆపాలి. ఆన్‌లైన్ హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఓటర్ల జాబితా, మొన్న నవంబర్‌లో ఇంటింటి సర్వే. ఇన్ని పనుల మధ్య తల్లిదండ్రుల ఇళ్ల చుట్టూ తిరగమంటే ఎలా? పిల్లలను కన్నది వాళ్లు. బడికి పంపే జిమ్మేదారి కూడా వాళ్లదే.

చెల్లెమ్మా, నీ మంచికే చెబుతున్నా. అంత మనసుకు పట్టించుకుంటే ఐదేళ్లకు అలసిపోతావు.

దేవరకొండ పాత హెచ్‌ఎం | 17 ఫిబ్రవరి, ఉదయం 6:05

హెడ్‌మాస్టర్‌గా రిటైరై ఏడేళ్లయింది, అయినా బడి మాట వినబడితే చెవి అటే పోతుంది. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

1988లో దేవరకొండ పక్కన ఒక తండా బడిలో చేరాను. సైకిల్ మీద పోవడం, రావడం. మొదటి ఏడాదే ఒక తప్పు చేశాను. నాలుగో తరగతి పిల్లోడు పది రోజులుగా రావడం లేదు. సాయంత్రం వాళ్ల ఇంటి దిక్కు పోతే తండ్రి వేపచెట్టు కింద నలుగురితో కూర్చున్నాడు. సైకిల్ దిగకుండానే, ఆ నలుగురి ముందే, "నీకు సోయి ఉందా, కొడుకు బతుకు పాడు చేస్తున్నావు" అని అరిచాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తలకాయ వంచుకున్నాడు. నేను గెలిచాననుకుని ఇంటికి వచ్చాను.

తెల్లారి నుంచి ఆ పిల్లోడు బడి మొఖం చూడలేదు. మళ్లీ నేను వాణ్ని చూసింది పన్నెండేళ్ల తర్వాత, మాల్ అంగట్లో మేకలు అమ్ముతుంటే. "సార్, బాగున్నరా" అని వాడే పలకరించాడు, చాయ్ కూడా తాగించాడు. నాకే మొఖం చెల్లలేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఇంటికి పోతే పిల్లోడి ముచ్చట మొదలే ఎత్తేవాణ్ని కాదు. సార్ వచ్చాడంటే ఇంట్లోవాళ్లు పక్కింటికి కుర్చీ కోసం ఉరుకుతారు. వాళ్లు ఉరికేలోపే మంచం మీదో అరుగు మీదో కూర్చోవాలి. నీళ్లిస్తే తాగాలి. మర్రిగూడ దిక్కు పని చేసినప్పుడు అవి ఫ్లోరైడ్ నీళ్లని తెలిసి కూడా ఒక గుక్క తాగేవాణ్ని. నీళ్లు ముట్టని సార్ ఎన్నిసార్లు వచ్చినా ఆ ఇంటికి రానట్టే లెక్క. ఎందుకో తెలుసు కదా, విడమరిచి రాయక్కర్లేదు.

ఇక ఫోన్ సంగతి. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఆ తండ్రి గుండె గుబేలుమంటుంది. పిల్లోడికి దెబ్బ తగిలిందో, ఎవరినైనా కొట్టాడో, లేకపోతే నన్ను తిడతారో. నాలుగుసార్లు నువ్వు ఏం చెప్పావమ్మా? "బాబు రావడం లేదు" అనే కదా. ఐదోసారి ఎవరు ఎత్తుతారు? ఈసారి ఒక మంచి మాట చెప్పు. నిజమైనదే చెప్పాలి, కల్పించొద్దు. చెప్పి ఫోన్ పెట్టెయ్. "మరి రోజూ పంపించండి" అని తోక తగిలించావో, అంతా పాడైనట్టే.

పుణె మేస్త్రీ | 17 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:30

నేను ఫోన్‌లో మాట చెప్పి రాయిస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోవద్దు. మాది మక్తల్ దిక్కు. పుణెలో గుంపు మేస్త్రీ కింద పని చేస్తాను. నేను, నా భార్య ఇక్కడ. కొడుకు తొమ్మిదో తరగతి, మా అమ్మ దగ్గర ఊళ్లో ఉంటాడు.

మీ సార్లందరికీ ఒక మాట. మా వాడి బడి గ్రూపులో మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది. "డియర్ పేరెంట్స్, కైండ్లీ అటెండ్ ది మీటింగ్" అని ఏదో. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగైనా కూడబలుక్కుని చదువుతాను. ఆ మెసేజ్ మా వాడికే పంపి ఏముందిరా అంటే "ఏం లేదు నాయినా, సెలవు గురించి" అన్నాడు. తర్వాత తెలిసింది, అది వాడి మీదే ఫిర్యాదు. దొంగ చేతికే తాళం ఇచ్చినట్టయింది.

రాయకండి సార్. మాట రికార్డు చేసి పెట్టండి. సెంట్రింగ్ మీద నిలబడి కూడా చెవి దగ్గర పెట్టుకుని వినొచ్చు.

పిల్లల మీద ప్రేమ లేదంటున్నారు. ప్రేమ లేకపోతే పాలమూరు నుంచి పుణెకు వచ్చి రేకుల షెడ్డులో ఎందుకుంటాం?

ఇద్దరు పిల్లల అమ్మ | 17 ఫిబ్రవరి, సాయంత్రం 4:20

ప్రభుత్వ బడుల గురించే అంటున్నారు, ప్రైవేటు వేరేగా ఉందనుకోకండి. మాది మహబూబ్‌నగర్ టౌన్. మొన్న పాప స్కూల్ మీటింగ్‌కు పోయాను. ముప్పావు గంట లైన్లో నిలబడితే దొరికింది రెండు నిమిషాలు. టీచర్ తల ఎత్తకుండా రిజిస్టర్ చూసి "మీ పాప యావరేజ్" అంది. వెనకాల మా వీధిలో ఆవిడే ఉంది, అంతా విన్నది. ఆ తర్వాత "అకౌంట్స్‌లో ఒకసారి కలిసి వెళ్లండి." టర్మ్ ఫీజు బాకీ ఉందిలెండి.

బండి మీద వస్తుంటే పాప అడిగింది, "అమ్మా, యావరేజ్ అంటే తిట్టా?" అని.

ఐదు తరగతుల సార్ | 17 ఫిబ్రవరి, సాయంత్రం 5:02

మేస్త్రీ గారు, మీ మాటకు తల వంచుతాను. కానీ ఇంకోవైపు కూడా చూడండి. రాత్రి పదకొండింటికి "మా వాడి పెన్సిల్ ఎవరో తీశారు, రేపు కనుక్కోండి" అని ఫోన్లు. తాగి వచ్చి బడి గేటు దగ్గర గొడవలు. సోషల్ మీడియాలో వీడియోలు. మాకు కూడా గౌరవం కావాలి కదా.

బీఎడ్ లెక్చరర్, నల్లగొండ | 17 ఫిబ్రవరి, రాత్రి 8:44

రెండు విషయాలు కలగాపులగం అవుతున్నాయి, విడదీసి చెబుతాను.

ఒకటి, "ఇది మా డ్యూటీయా" అన్న ప్రశ్న. డ్యూటీయే సార్. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులు చెబుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తెలపాలని అందులో ఉంది. 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. అయితే ఇళ్లకు పోవాలని మాత్రం చట్టంలో లేదు, అంత వరకు మీరన్నది నిజమే.

రెండోది, ఇళ్లకు పోవడం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం శాక్రమెంటోలో 1998 నుంచి టీచర్లు ఇళ్లకు పోయే ఒక పద్ధతి నడుస్తోంది. ఒక్కరే పోరు, ఇద్దరు కలిసి పోతారు. బలవంతం లేదు, ముందే అడిగి పోతారు. మొదటిసారి పోయినప్పుడు మార్కుల ఊసెత్తరు. "మీ బిడ్డ ఏం కావాలని మీ ఆశ?" అని అడిగి వింటారు. పైన పెద్దసార్ మంచం మీద కూర్చుని చేసింది ఇంచుమించు అదే, ఆయన పదేళ్లు ముందే మొదలుపెట్టారు.

అరిజోనాలో లూయిస్ మోల్ అనే ఆచార్యుడు, ఆయన తోటివాళ్లు 1992లో ఇంకో మాట చెప్పారు. టీచర్లు మెక్సికో నుంచి వచ్చిన కూలి కుటుంబాల ఇళ్లకు నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి పోయారు. వ్యవసాయం, ఇళ్లు కట్టడం, మందులు, బేరసారాలు, ఇలా ప్రతి ఇంట్లో ఏదో ఒక విద్య ఉంటుంది, బడి దాన్ని వాడుకోవడం లేదని తేల్చారు.

ఐదు తరగతుల సార్ | 17 ఫిబ్రవరి, రాత్రి 8:58

అమెరికాలో ఒక టీచర్‌కు ఎన్ని తరగతులో కూడా చెప్పండి సార్ 🙂

బీఎడ్ లెక్చరర్, నల్లగొండ | 17 ఫిబ్రవరి, రాత్రి 9:10

అది ఒప్పుకుంటాను.

లెక్కల మాస్టారు, కోస్గి | 18 ఫిబ్రవరి, ఉదయం 7:15

ఇంటి విద్య అన్నారు కాబట్టి మేస్త్రీ గారిని ఒకటి అడుగుతా. పునాది తీసేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూస్తారు?

పుణె మేస్త్రీ | 18 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:12

మూలమట్టం పెట్టి చూస్తాం సార్. పెద్ద పునాది అయితే దానితో కుదరదు. అప్పుడు దారం కట్టి ఒకవైపు మూడడుగుల దగ్గర మేకు, ఇంకోవైపు నాలుగడుగుల దగ్గర మేకు కొడతాం. ఈ మేకు నుంచి ఆ మేకుకు టేపు పెడితే ఐదడుగులు రావాలి. ఎక్కువొస్తే మూల తెరుచుకున్నట్టు, తక్కువొస్తే మూసుకున్నట్టు. ఇల్లు పెద్దదైతే 6, 8, 10 పెడతాం. మా మేస్త్రీ నేర్పాడు. ఎందుకు వస్తుందో మాత్రం తెలియదు, వస్తుంది.

లెక్కల మాస్టారు, కోస్గి | 18 ఫిబ్రవరి, రాత్రి 7:40

ఎందుకు వస్తుందో పదో తరగతి సరూప త్రిభుజాల పాఠంలో ఉంది మేస్త్రీ గారూ, పైథాగరస్ సిద్ధాంతం. మా పదో తరగతి పిల్లలు దాన్ని బట్టీ కొట్టి రాస్తారు. రేపు రివిజన్‌లో మీ మేకులు, దారం తీసుకుని గ్రౌండ్‌కే తీసుకుపోతా.

సీడుపత్తి రైతు, గద్వాల | 18 ఫిబ్రవరి, రాత్రి 9:30

అందరూ మంచి మాటలు చెబుతున్నారు, నేనొక చేదు మాట చెబుతా. మా దగ్గర వానకాలంలో సీడుపత్తి క్రాసింగ్ ఉంటుంది. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, తెల్లారి మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఒక్కరోజు ఆగితే ఆ పువ్వు పోయినట్టే. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయని వాళ్లనే పిలిచేవాళ్లు. నేను కూడా నా బిడ్డను రెండు సీజన్లు మాన్పించాను. విత్తన కంపెనీ తరఫున పంట వేయించే ఆర్గనైజర్ దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకున్నాను మరి.

బడి టీచర్ ఇంటికి వచ్చి కేసు పెడతానంది. నాకు కోపమొచ్చి గుమ్మం దిగమన్నాను. తర్వాతి ఏడాది ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి కేసు మాటెత్తలేదు. "సీజన్‌లో ఏ రోజులు మీకు మరీ ఇబ్బంది?" అని అడిగింది. ఆమెకు మొదటిసారి అంతా చెప్పుకున్నాను, అడ్వాన్స్ ఎంత, వడ్డీ ఎంత, అన్నీ. ఆ ఏడాది బిడ్డ పోలేదు, నా భార్య, నేను, మా తమ్ముడి భార్య కలిసి చేసుకున్నాం. ఎకరం బదులు అరెకరమే వేశాం.

బీఎడ్ లెక్చరర్, నల్లగొండ | 18 ఫిబ్రవరి, రాత్రి 9:55

నిజం చెప్పినందుకు దండం. కానీ ఒక మాట కచ్చితంగా ఉండాలి. 14 ఏళ్లలోపు పిల్లలను పనికి పెట్టడం నేరం. 2016 సవరణలో కూడా సొంత కుటుంబం పనికి బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సాయం చేయడం వరకే మినహాయింపు. సంబంధాలు చెడతాయని టీచర్ కళ్లు మూసుకోకూడదు.

గుట్టకింది తండా | 18 ఫిబ్రవరి, రాత్రి 10:20

చట్టం పేదోడి గుమ్మం ముందే ఎందుకు నిలబడుతుంది సార్? అడ్వాన్స్ ఇచ్చే ఆర్గనైజర్ ఇంటికి, విత్తనం కొనే కంపెనీ ఆఫీసుకు ఏ టీచర్ పోతాడు, ఏ ఆఫీసర్ పోతాడు?

నిర్వాహకుడు | 18 ఫిబ్రవరి, రాత్రి 10:41

ఈ ముచ్చట ముఖ్యమైనదే, కానీ పెద్దది. బాలకార్మికుల గురించి వేరే చర్చ తెరిచాను, అక్కడ కానివ్వండి. ఇక్కడ టీచరమ్మ ప్రశ్న దగ్గరికే వద్దాం.

సమాఖ్య అక్క | 19 ఫిబ్రవరి, ఉదయం 10:05

నేను మా ఊరి గ్రామ సమాఖ్య (మహిళా పొదుపు సంఘాల కూటమి) అధ్యక్షురాలిని. అందుకే 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి కూడా నన్నే ఛైర్మన్ చేశారు. బడిలో కరెంటు, నీళ్లు, మరుగుదొడ్ల పనులు మా కమిటీ చేయించింది. చేయించింది అని పేరే గానీ, మొదట్లో నాకు తెలిసింది సంతకం ఒక్కటే. కాగితం ముందు పెట్టి "ఇక్కడ పెట్టమ్మా" అనేవాళ్లు. మేం పొదుపు సంఘంలో నెలనెలా పైసా పైసా లెక్క చూసుకునే ఆడవాళ్లం. మాకు లెక్క రాదని ఎట్లా అనుకున్నారో.

మూడో కాగితానికి పెన్ను కింద పెట్టి, "చదివి వినిపించండి, తర్వాత పెడతా" అన్నాను. అప్పటి నుంచి చదువుతున్నారు. నల్లాలు తక్కువ బిగించారని కూడా మేమే పట్టుకున్నాం. బడి మాది అని ఆ రోజు అనిపించింది, అంతకు ముందు కాదు.

టీచరమ్మా, మీ ఊళ్లో సంఘం మీటింగ్ ఏ రోజో కనుక్కో. తల్లులంతా అక్కడే దొరుకుతారు. నువ్వు వాళ్లను పిలిచే బదులు నువ్వే పో. పది నిమిషాలు అడిగితే ఇస్తాం. ఇంకోటి, ఇప్పుడు పల్లికాయ పీకే రోజులు. పొద్దున పదకొండింటికి పెడితే ఆ పూట కైకిలి (కూలి) పోయినట్టే. పొద్దుగూకినాక పెట్టు.

బోర్డర్ బడి | 19 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

మాది నారాయణపేట జిల్లా కృష్ణా మండలం. ఇక్కడ చాలా ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు. తెలుగులో మొదలుపెడితే మర్యాదకు తలూపుతారు, కన్నడలో నాలుగు ముక్కలు మాట్లాడితే అసలు కష్టం బయటికొస్తుంది. తండాలో కూడా అంతే అనుకుంటా. లంబాడీల భాష గోర్‌బోలిలో "తిన్నారా" అని అడగడం వచ్చినా సగం పని అయినట్టే.

నల్లమల టీచరమ్మ | 19 ఫిబ్రవరి, రాత్రి 9:05

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. మేస్త్రీ అన్నా, నిన్న మొదటిసారి వాయిస్ మెసేజ్ పెట్టాను. పదకొండు మంది విన్నట్టు చూపించింది, రాసిన మెసేజ్‌కు ఎప్పుడూ ముగ్గురు దాటలేదు.

ఇంకోటి గుర్తొచ్చి సిగ్గేసింది. నవంబర్‌లో ఇంటింటి సర్వే డ్యూటీ నాకు ఈ ఊళ్లోనే పడింది. ఈ పిల్లల ఇళ్లన్నిటికీ పోయాను! భూమి ఎంత, అప్పు ఎంత, ఫ్రిజ్ ఉందా అని అన్నీ అడిగాను. పిల్లోడు ఇంట్లో ఏం చేస్తాడు, ఏమంటే ఇష్టం అని ఒక్క మాట అడగలేదు. ఫారంలో లేదు కదా.

పెద్దసార్, ఒక సందేహం. చదువు రాని నానమ్మలకు ప్రోగ్రెస్ కార్డు చూపించి ఏం చెప్పాలి? ఎ, బి, సి గ్రేడులు వాళ్లకే కాదు, నిజం చెప్పాలంటే నాకే వివరించడం కష్టం.

దేవరకొండ పాత హెచ్‌ఎం | 20 ఫిబ్రవరి, ఉదయం 5:50

కార్డు పక్కన పెట్టమ్మా. పిల్లను పిలిచి నానమ్మ ముందు చదివించు. పాఠం ఏదైనా సరే, నాలుగు లైన్లు. ముసలామెకు అక్షరం రాకపోవచ్చు, చెవులున్నాయి. మనవరాలు ఎక్కడ గడగడా పోతోంది, ఎక్కడ గొంతు ఆగుతోంది అనేది ఆమెకు నీకంటే ముందే తెలుస్తుంది. "రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక్క పేజీ మీకు చదివి వినిపించమనండి, ఆగిన చోట మళ్లీ చదవమనండి" అని ఒక పని అప్పజెప్పు. చదువు రానివాళ్లు ఇంట్లో చదువు చెప్పలేరన్నది మనం అనుకునే మాటే.

మా బడిలో ఒక అవ్వ ఉండేది. మనవడు పేజీలు దాటేస్తున్నాడని ఆమెకు ఎట్లా తెలిసేదంటే, కథ అతకడం లేదని పట్టుకునేది.

ఇద్దరు పిల్లల అమ్మ | 20 ఫిబ్రవరి, ఉదయం 9:15

ఈ పద్ధతి మా పాప స్కూల్లో కూడా ఉంటే బాగుండు. లైన్ లేకుండా.

నల్లమల టీచరమ్మ | 21 మార్చి 2025, రాత్రి 9:30

నెల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. ఏం జరిగిందో చెబుతాను.

ఆ మూడో తరగతి బాబు నాన్నకు ఫోన్ చేయలేదు, ఎత్తడు కాబట్టి. వాయిస్ పెట్టాను. ఆ రోజు బడిలో మేక పిల్ల ఒకటి గదిలోకి వచ్చి పిల్లలంతా అరుస్తుంటే, వీడొక్కడే నాలుకతో ఏదో శబ్దం చేసి దాన్ని తన వెంట బయటికి తీసుకుపోయాడు. అదే చెప్పాను. "మీ బాబు భలే చేశాడన్నా, మాకెవరికీ రాదు" అని. అంతే, పెద్దసార్ చెప్పినట్టు తోక తగిలించలేదు. నాలుక కొరుక్కుని ఆపుకున్నాను.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు. చాలాసేపు మేకల గురించే మాట్లాడాడు. ఇంట్లో 40 మేకలట, ఆయనకు నడుము నొప్పి, సోమ, మంగళవారాల్లో భార్య కైకిలికి పోతే మేకల వెంట పోయేది ఈ పిల్లోడే. నాలుగుసార్లు ఫోన్ చేసినా నేను "ఎందుకు రావడం లేదు" అని తిట్టినట్టు అడిగానే తప్ప ఎందుకో తెలుసుకోవాలని అడగలేదు.

ఇప్పుడు పూర్తిగా వస్తున్నాడా అంటే లేదు. నాలుగు రోజులు వస్తున్నాడు. పక్కింటాయన మేకలతో కలిపి తోలుకుపోవడానికి మాట్లాడుకుంటున్నారట, ఇంకా తేలలేదు.

మీటింగ్ సంగతి. మార్చిలో మూడో శనివారం 15న పడింది. ఈసారి ముందే తండా పెద్దమనిషిని అడిగాను. ముందురోజే హోలీ, మరునాడు కూడా ఎవరూ దొరకరు అన్నాడు. పైగా ఆ రోజే ఒంటిపూట బడులు మొదలు. అందుకని హెచ్‌ఎం సార్‌ను ఒప్పించి గురువారం 20వ తేదీ సాయంత్రం ఆరున్నరకు తండాలోనే, సేవాలాల్ గుడి ముందర పెట్టాం. ఊళ్లోవాళ్లకు సంఘం మీటింగ్‌లో వేరేగా మాట్లాడాను (సమాఖ్య అక్కకు థాంక్స్).

తండాలో 19 మంది వచ్చారు. పిల్లలతో చదివించాం. ఐదో తరగతి అమ్మాయి చదువుతుంటే వాళ్లమ్మ ఏడ్చింది, ఎందుకని అడగలేదు. ఇద్దరు తాగి వచ్చారు, ఒకాయన నిద్రపోయాడు. ఒకాయన మాత్రం లేచి సూటిగా అడిగాడు, "మేడం, రేపు మీ పిల్లలను ఈ బడికే పంపుతారా?" అని. నాకింకా పెళ్లి కాలేదన్నాను. అందరూ నవ్వారు. కానీ ఆయన నవ్వలేదు, జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు.

ఐదు తరగతుల సార్ | 21 మార్చి, రాత్రి 9:52

ఆ ప్రశ్న మమ్మల్ని రోజూ అడుగుతారమ్మా. నా దగ్గరా జవాబు లేదు. మా ఇద్దరు పిల్లలూ నాగర్‌కర్నూల్‌లో ప్రైవేటులోనే.

19 మంది అంటే తక్కువ కాదు. సాయంత్రం మీటింగ్‌కు తిరుగు బస్సు ఎట్లా దొరికింది?

నల్లమల టీచరమ్మ | 21 మార్చి, రాత్రి 9:58

దొరకలేదు సార్. మా సీనియర్ సార్ బండి మీద అచ్చంపేటలో దింపారు. "సోయి లేదు" అన్న ఆయనే. దారి పొడుగునా ఏం మాట్లాడలేదు, దిగేటప్పుడు "ఊళ్లో కూడా ఇట్లా సాయంత్రమే పెడదాం" అన్నారు.

లెక్కల మాస్టారు, కోస్గి | 22 మార్చి, ఉదయం 7:20

మేస్త్రీ గారూ, మీ 3, 4, 5 చెప్పడం మరిచాను. మా పిల్లలు గ్రౌండ్‌లో మేకులు కొట్టి, టేపు పట్టి, వాలీబాల్ కోర్టు మూల కొలిచారు. నాలుగంగుళాలు తెరుచుకుని ఉంది. ఇన్నేళ్లుగా వంకర కోర్టులోనే ఆడుతున్నాం.

పుణె మేస్త్రీ | 22 మార్చి, మధ్యాహ్నం 1:25

సున్నం చెరిపి మళ్లీ గీయండి సార్, నాలుగంగుళాలు చిన్న తేడా కాదు. ఉగాదికి ఊరికి వస్తున్నాను. ఆదివారం పండుగ, తర్వాత రంజాన్ సెలవులు. బుధవారం 2వ తారీఖు మా వాడి బడికి పోయి సార్‌ను కలుస్తా. ఫిర్యాదు చేయడానికి పిలవలేదు, నేనే పోతున్నా.

నల్లమల టీచరమ్మ | 22 మార్చి, రాత్రి 8:10

తండా అన్నా, వచ్చే నెల మూడో శనివారం ఏప్రిల్ 19. మా బడి ఏ తండా దగ్గరో మీకు మెసేజ్‌లో చెప్పాను కదా. జయంతి లేదు, హోలీ లేదు, తీజ్ వానకాలంలో కదా. ఆ రోజు పెట్టుకోవచ్చా? ముందే చెప్పండి.

గుట్టకింది తండా | 22 మార్చి, రాత్రి 8:31

19న మా చిన్నాన్న బిడ్డ పెళ్లి మేడం. పిల్లోడిది మీ తండానే. అందరూ అక్కడే ఉంటారు, మీరూ రండి.